ఉతకనక్కర్లేని చొక్కా

భూమధ్యరేఖకి కిందనున్న మా ఓడరేవులో చలికాలమంటే ఎండ కనపడని కాలం. మే నెలాఖరుకి సముద్రం మీంచి బూడిదరంగు మబ్బు వచ్చి ఊరి మీద కూర్చుంటే అక్టోబరు దాకా లేవదు. అదేం వాన కాదు, ఉత్త తుంపర. గొడుగు వేసుకుంటే చూసినవాళ్ళు నవ్వుతారు, వేసుకోకపోతే జుట్టు తడిసి ముద్దవుతుంది. ఆ నెలల్లో ఉతికిన బట్ట ఆరడమంటే మాటలు కాదు. డాబా మీద ఆరేసిన దుప్పటి మూడోనాటికి కూడా తడిగానే ఉంటుంది. పైగా చేపపిండి ఫ్యాక్టరీ వాసనంతా పీల్చుకుని, దీన్ని ఉతక్కుండా వదిలేసినా బాగుండేదే అనిపిస్తుంది.

అలాంటి చలికాలంలో మా అమ్మకి పన్నెండు తెల్ల చొక్కాలు ఉతికే వంతు వచ్చింది.

మా బడి అమ్మాయిల వాలీబాల్ జట్టు చొక్కాలవి. తల్లులంతా కలిసి ఒక ఆదివారం కోళ్ళు వేయించి వీధిలో అమ్మి, ఆ డబ్బుతో కుట్టించారు. ఎవరి చొక్కా వాళ్ళింటికి పంపితే పదిహేను రోజుల్లో ఒకటి పచ్చగా, ఒకటి నీలంగా తేలుతుందని, అన్నీ ఒకేచోట ఉతకాలని కట్టుబాటు పెట్టుకున్నారు. నీళ్ళు సరిగ్గా వచ్చే నాలుగిళ్ళ మధ్య ఆ వంతు తిరిగేది. శనివారం ఆట అవగానే చొక్కాలన్నీ ఒక గోనెసంచిలో పడేవి. ఆదివారం ఎవరో ఒక తల్లి ఉతికేది. ఉతికినవాటిని ఓర్తెన్సియా రొట్టెల కొట్లో పొయ్యి పైన తాడు కట్టి ఆరేసేవారు. అందుకే మా జట్టు కోర్టులోకి దిగితే వేడి రొట్టెల వాసన వచ్చేది. ఎదుటి జట్టు పిల్లలకి ఆకలేసి ఓడిపోతున్నారని మా నాన్న అనేవాడు.

ఆ ఏడు మా దేశపు ఆడవాళ్ళ జట్టు ఒలింపిక్స్‌కి వెళ్ళబోతోంది. ఊళ్ళో ఏ వీధి చూసినా రెండు గుంజలకి చిరిగిన చేపలవల కట్టి ఆడపిల్లలు వాలీబాల్ ఆడుతూనే ఉండేవారు. మా అక్క నెరిదాకి పద్నాలుగేళ్ళు, నాకు పన్నెండు. ఇద్దరం జట్టులో ఉన్నాం. నెరిదాది నాలుగో నంబరు చొక్కా. నాది పన్నెండో నంబరు.

నెరిదా పొడగరి. వల ముందు గాల్లోకి లేచిందంటే కిందికి రావడం మర్చిపోయిందేమో అనిపించేది. దాని షాటుకి అవతల పిల్లలు మొహాలకి చేతులడ్డం పెట్టుకునేవారు. నేను పొట్టి. జట్టులోకి నన్నెందుకు తీసుకున్నారంటే పన్నెండు మంది ఉండాలి కనుక తీసుకున్నారు. మా ఆటల మాస్టారు అకీలెస్‌కి మాత్రం ఆరుగురే జట్టు. మిగతా ఆరుగురం బెంచీ మీద వరసగా కూర్చుని సీసాల్లో నీళ్ళు నింపేవాళ్ళం, బంతి గోడ దాటితే పరిగెత్తి తెచ్చేవాళ్ళం, చప్పట్లు కొట్టేవాళ్ళం. నా పక్కన ఓర్తెన్సియా కూతురు పిలార్ కూర్చుని, జేబులో తెచ్చుకున్న రొట్టె ఆటయ్యేదాకా కొరుకుతూ ఉండేది.

నిజం చెప్పాలంటే మొదట్లో నాకేం బాధనిపించలేదు. నెరిదాని చూస్తూ కూర్చోడమే నాకు పండగ. అది పాయింటు కొట్టినప్పుడల్లా "మా అక్కే! మా అక్కే!" అని అరిచి గొంతు పోగొట్టుకునేదాన్ని. బాధ మొదలైంది జూన్‌లో, మా ఇంటికి మొదటిసారి వంతు వచ్చిన ఆదివారం నాడు.

అమ్మ పెరట్లో తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుంది. సంచిలోంచి ఒక్కో చొక్కా తీసి అందిస్తున్నాను. నాలుగో నంబరు తీయగానే అమ్మ మూతి ముడిచింది.

"ఇది ఆడిందా, బస్తాలు మోసిందా? మెడపట్టీ చూడు, బొగ్గుల కొట్టులాగ ఉంది."

"రెండు సెట్లూ ఆడింది కదమ్మా. షాట్లన్నీ అదే కొట్టింది."

"కొట్టింది, ఉతికేది నేను" అని గొణిగింది కానీ ముఖంలో సంతోషం దాచుకోలేకపోయింది. ఆ తరవాత నా చేతిలోంచి పన్నెండో నంబరు తీసుకుంది. ఇస్త్రీ మడత ఇంకా చెదరలేదు. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఉతకనక్కర్లేదు" అని పక్కనున్న కుర్చీ మీద వేసింది.

అమ్మ నన్నేదో అనాలని అనలేదు. సబ్బు కలిసొచ్చిందనుకుంది, అంతే. కానీ ఆ చొక్కా ఒక్కటీ కుర్చీ మీద, అప్పటిదాకా తీసినవన్నీ నురగలో మునిగి ఉండటం చూసేసరికి నాకు ఏడుపు పొంగుకొచ్చింది. చలేస్తోందని చెప్పి లోపలికి పోయాను. ఆ తరవాత ఇంకో అయిదు చొక్కాలు ఆ కుర్చీ మీదికే చేరాయని కిటికీలోంచి చూశాను. అయినా నా బాధ తగ్గలేదు.

జూలైలో మళ్ళీ మా వంతు రాబోతోందనగా పిలార్‌కీ నాకూ ఒక ఆలోచన వచ్చింది. ఆ శనివారం ఆట అయిపోయింది. మా ఆరుగురూ గెలిచారు. అప్పటికి వరసగా అన్నీ గెలుస్తున్నారు. మేమిద్దరం చొక్కాలు విప్పి సంచిలో వేయకుండా, వాటితోనే సముద్రం ఒడ్డుకి పరిగెత్తాం. తడి ఇసకలో పడి కుక్కపిల్లల్లా దొర్లాం. పిలార్ లావుపాటిది, దొర్లడం మొదలుపెడితే ఆగలేదు, నీళ్ళ దాకా పోయింది. అంత నవ్వు మళ్ళీ ఎప్పుడు నవ్వానో నాకు గుర్తులేదు. చొక్కాలు చూసుకుంటే కడుపు నిండిపోయింది. అసలైన ఆటగత్తెల చొక్కాల్లాగే ఉన్నాయి.

మర్నాడు అమ్మ నా చొక్కా తొట్టిలో ముంచింది. ఈసారి కుర్చీ మీద వేయలేదు. నేను పక్కనే నిలబడి మురిసిపోతున్నాను. అమ్మ చొక్కా పిండి, నీళ్ళు ఒంపబోయి ఆగింది. తొట్టి అడుగున చెయ్యి పెట్టి గుప్పెడు ఇసక పైకి తీసింది.

"ఓతీ, మీ బడి కోర్టు సిమెంటుది కదూ?"

"అవునమ్మా."

"మరి ఈ ఇసకెక్కణ్ణించి వచ్చింది?"

"పడ్డాను."

"ఎక్కడ పడ్డావు తల్లీ?"

అమ్మ నా మొహం కేసి చూసింది, పిలార్ చొక్కా కేసి చూసింది, మళ్ళీ నా కేసి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గుప్పెట్లో ఇసక నెమ్మదిగా గోడ పక్క పారబోసి, "వెళ్ళి అన్నం తిను, చల్లారిపోతుంది" అంది. మా రెండు చొక్కాలూ ఉతికి, మిగతావి అలాగే సంచిలో కుక్కి, సాయంత్రం దాకా అమ్మ ఇంకెవరితోనూ మాట్లాడలేదు. మాటలపోగు మా అమ్మ. అలా నోరు కట్టేసుకుంటే ఏదో జరగబోతోందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రమే తల్లుల సమావేశం. రొట్టెల కొట్లో జరిగింది. అక్కడైతే వెచ్చగా ఉంటుందని అందరూ అక్కడే చేరేవారు. అమ్మ ఆ చొక్కాల సంచి నాచేత మోయించి తీసుకెళ్ళింది. ఓర్తెన్సియా నెరిదాకి బాప్తిస్మం నాటి ధర్మతల్లి, అంచేత ఆవిడా అమ్మా ఒకరినొకరు కొమాద్రె అని పిలుచుకునేవారు. నెరిదా అంటే ఆవిడకి ప్రాణం. మాస్టారు కూడా వచ్చి ఒక పిండి బస్తా మీద కూర్చుని ఉన్నాడు.

ఆయన శుభవార్త తెచ్చాడు. ఇంకో మూడు ఆటలు గెలిస్తే బర్రాంకాలో సెమీఫైనల్. అది కూడా గెలిస్తే వాచోలో ఫైనల్. "ఆ ఫైనల్‌కి రాజధాని నుంచి, లీమా నుంచి సెలెక్టరు వస్తోంది. దేశపు చిన్నపిల్లల జట్టుకి ఆడపిల్లల్ని ఏరుకోడానికి. నెరిదాని చూసిందంటే వదలదు, నాది పూచీ" అన్నాడు.

"లీమాలో మా చెల్లెలింట్లో ఉంటుంది. మంచం కూడా సిద్ధం చేయించాను" అంది ఓర్తెన్సియా కళ్ళు తుడుచుకుంటూ.

నెరిదా మొహం వెలిగిపోయింది. అదీ నేనూ గుమ్మం దగ్గర ఒకరినొకరు ఆనుకుని నిలబడి ఉన్నాం. దాని గుండె కొట్టుకోవడం నా భుజానికి తెలుస్తోంది.

అప్పుడు అమ్మ సంచి బల్ల మీద పెట్టింది.

"మాస్టారూ, ఇవిగో చొక్కాలు. ఇకనించి నేను ఉతకను."

"అదేంటి దెల్ఫీనా, ఒంట్లో బాలేదా?"

"ఒళ్ళు బానే ఉంది. పిల్లలందర్నీ ఆడించని జట్టుకి చొక్కాలు ఉతకడం నా వల్ల కాదు. నా పిల్ల చొక్కా మాసిపోవాలని ఇసకలో దొర్లి వచ్చింది. అది ఉతికాక ఇంక నాకు చెయ్యాడలేదు."

నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. పిలార్ రొట్టె నోట్లో పెట్టుకుని కొరకడం మానేసింది.

"ఇద్దరు పిల్లల్నీ నువ్వే కదా కన్నావు కొమాద్రె" అంది ఓర్తెన్సియా. "ఒకత్తికి దేవుడు పొడుగిచ్చాడు, ఇంకొకత్తికి ఇవ్వలేదు. దానికేం చేస్తాం? గెలుస్తున్నారు కదా. నా పిలార్‌ని చూడు, బెంచీ మీద కూర్చోమంటే హాయిగా కూర్చుంటుంది. దానికి కూర్చోడమే ఇష్టం."

"నేనెప్పుడు చెప్పాను అలా?" అంది పిలార్.

అందరూ అటు తిరిగారు. పిలార్ అంత మాట పైకి అనడం ఎవరూ వినలేదు. అది ఎర్రబడిపోయి, "నేనూ ఇసకలో దొర్లాను" అని గొణిగింది. ఓర్తెన్సియా తిరిగి కూతురి కేసి చూసింది.

మాస్టారు చెడ్డవాడు కాదు. టోపీ తీసి తల గోక్కుని, "చూడండమ్మా, ఊళ్ళో పిల్లల కోసమే నా తాపత్రయం. అందర్నీ దింపితే ఓడిపోతాం. ఓడిపోతే నెరిదా గతేంటి? దెల్ఫీనా, నీ కూతురి గురించే చెప్తున్నా" అన్నాడు.

"నాకు తెలుసు మాస్టారూ. అటూ ఇటూ ఇద్దరూ నా పిల్లలే. అందుకే నేనే చెప్పాల్సొచ్చింది."

ఉతికే నలుగురు తల్లుల్లో ముగ్గురి పిల్లలం బెంచీ మీదివాళ్ళమే. ఆ సంగతి ఆ సాయంత్రం దాకా ఎవరికీ తట్టలేదు కాబోలు, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఓర్తెన్సియా లేచి, పొయ్యి మీద ఆరేసే తాడు ముడి విప్పి చుట్ట చుట్టి బల్ల కింద పడేసింది. "పిల్లలందరూ ఆడితేనే తాడు కడతాను" అంది. అక్కడే ఏడ్చింది కూడా, నెరిదా కోసమేనని నా అనుమానం.

తరవాతి శనివారం ఆ ఆరుగురూ అంతకు ముందు వారం చెమట చొక్కాలతోనే ఆడారు. బెంచీ మీద మేం మాత్రం తెల్లగా మెరిసిపోతూ కూర్చున్నాం. సెట్టు సెట్టుకీ కంపు పెరిగింది. రిఫరీ ఒకసారి ముక్కు పట్టుకుని, "మాస్టారూ, మీ పిల్లలకి ఇళ్ళల్లో నీళ్ళు రావడం లేదా?" అని అడిగాడు. జనం ఘొల్లుమన్నారు. గెలిచారు కానీ మాస్టారు తలెత్తలేదు. మర్నాడు మా ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడే చెప్పాడు. మొదటి సెట్టు పెద్దపిల్లలు ఆడతారు, రెండో సెట్టు బెంచీ పిల్లలు ఆడతారు, మూడో సెట్టుంటే అది మాత్రం ఆయన ఇష్టం. అమ్మ సరేనని కాఫీ ఇచ్చింది. ఓర్తెన్సియా మళ్ళీ తాడు కట్టింది.

మా ఇంట్లో మాత్రం రాజీ కుదరలేదు. నెరిదా అన్నం మానేసింది. ఆదివారం నాన్న పడవ దిగి ఇంటికొస్తే ఎదురెళ్ళి మెడ కౌగిలించుకుంది.

"నాన్నా, నువ్వు చెప్పు అమ్మకి. నా జీవితం పాడుచేస్తోంది."

నాన్న నాకేసి చూశాడు, దానికేసి చూశాడు, వంటింట్లో గిన్నెల చప్పుడు విన్నాడు. "నేను సముద్రం మీద బతికేవాణ్ణి తల్లీ. ఒడ్డు మీద మీ అమ్మే కెప్టెన్" అని చల్లగా జారుకుని స్నానానికి పోయాడు.

మేమిద్దరం ఒకే మంచం మీద, ఒకరి తల వైపు ఇంకొకరు కాళ్ళు పెట్టుకుని పడుకునేవాళ్ళం. ఆ వారం దాని కాళ్ళు నాకు తగలకుండా గోడకి ముడుచుకుని పడుకుంది. ఒక సాయంత్రం బడి నుంచి వస్తూ వీధిలో నన్ను ఆపింది.

"నీకు సర్వీసు వల కూడా దాటదు. నీ మూలాన నేను లీమా పోలేకపోతే జన్మలో నీతో మాట్లాడను. తెలుసా?"

"తెలుసు."

"ఆడక మానవు కదా?"

"మానను" అన్నాను. అంత ధైర్యం నాకెలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు.

అది నన్ను కిందనించి మీద దాకా చూసి, "అయితే ఏడవకుండా నేర్చుకో. పద" అని నా చెయ్యి పట్టి లాక్కెళ్ళింది.

ఆ ఆగస్టు సాయంత్రాలే నా జీవితంలో నేను దాచుకున్న మంచి రోజులు. మా వీధి చివర, సముద్రం కేసి తిరిగిన ఖాళీ జాగాలో వల కట్టేది. తుంపరలో బంతి తడిసి బరువెక్కేది. మణికట్టు కందిపోయేదాకా నాచేత సర్వీసు చేయించేది. "పైనించి కొట్టకు, నీకు బలం చాలదు. కిందనించి ఇవ్వు. వలని రాసుకుంటూ పోవాలి. ఇంకా కిందికి. ఇంకా. మొద్దు మొహమా, వల దాటాక చచ్చిపోవాలి బంతి!" అని అరిచేది. తప్పు చేస్తే నెత్తి మీద మొట్టేది. బాగా చేస్తే ఏమీ అనేది కాదు, బంతి మళ్ళీ నా చేతికి ఇచ్చేది. ఒకసారి గుంజ విరిగిపోతే, పడవ దిగి వస్తున్న నాన్న ఆ వల కొస పట్టుకుని చీకటి పడేదాకా గుంజలాగ నిలబడ్డాడు. చలికి వణుకుతూనే ఇద్దరి సర్వీసులకీ వంకలు పెట్టాడు. అమ్మ వచ్చి అన్నం చల్లారిపోతోందని ముగ్గుర్నీ తిట్టి, తిట్టడం మర్చిపోయి అక్కడే ఓ రాయి మీద కూర్చుని చూసింది. నెరిదా అమ్మతో మాట్లాడటం ఆ సాయంత్రమే మళ్ళీ మొదలుపెట్టింది.

మిగిలిన రెండు ఆటలూ ఎలాగో గట్టెక్కాం. ఒకదాంట్లో బెంచీ పిల్లలం మా సెట్టు గెలిచాం కూడా. పిలార్ ఒక షాటుకి అడ్డం నిలబడితే బంతి దాని పొట్టకి తగిలి అవతల పడి పాయింటు వచ్చింది. ఓర్తెన్సియా కోర్టులోకి పరిగెత్తుకొచ్చి కూతుర్ని ముద్దులాడితే రిఫరీ ఆట ఆపాల్సొచ్చింది.

సెమీఫైనల్‌కి బర్రాంకా వెళ్ళాం. ఐసు మోసే లారీ ఎవరో అడిగి తెచ్చారు. పన్నెండు మందిమీ, తల్లులూ, మాస్టారూ, వేయించిన మొక్కజొన్న గింజల గంపా అన్నీ ఆ లారీలోనే. బర్రాంకా పిల్లల కోర్టుకి కప్పు లేదు. సముద్రపు గాలి అడ్డంగా కొడుతోంది. వాళ్ళ పిల్లలకి ఆ గాలి అలవాటు, గోడల మధ్య ఆడే మా జట్టుకి కొత్త.

మొదటి సెట్టు నెరిదావాళ్ళు గెలిచారు. రెండోది మేం ఆడాం. ఓడిపోయాం. కానీ ఊరికే ఓడలేదు. నేను కిందనించి ఇచ్చిన సర్వీసు ఆ గాలికి చిక్కకుండా పోయి, వల దాటగానే జారి పడుతుంటే వాళ్ళ పిల్లలు మోకాళ్ళ మీద పడేవాళ్ళు. బర్రాంకా జనం నన్ను "బల్లి, బల్లి!" అని వెక్కిరించారు. నాకు ఆ పేరు తెగ నచ్చింది.

మూడో సెట్టు మాస్టారి ఇష్టం కనుక ఆయన తన ఆరుగుర్నీ దింపాడు. ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ కూడా అనలేదు. నేను బెంచీ చివర నా చోట కూర్చున్నాను. ఆ సెట్టులో మా వాళ్ళ ఖర్మ కాలింది. పెద్దపిల్లలు పైనించి బలంగా కొట్టిన సర్వీసులన్నీ గాలికి ఎగిరి గీత దాటి పోతున్నాయి. ఆ రోజుల్లో సర్వీసు చేసేవాళ్ళకే పాయింటు. సర్వీసు పోతే పాయింటు రాదు. బర్రాంకా పదమూడుకి చేరింది, మేం తొమ్మిది దగ్గరే ఆగిపోయాం. అప్పుడు సర్వీసు మాకొచ్చింది. కొట్టాల్సిన వంతు నెరిదాది.

నెరిదా బంతి చేతిలోకి తీసుకుంది. గాలి కేసి చూసింది. తన చేతి కేసి చూసుకుంది. తరవాత బెంచీ కేసి తిరిగింది.

"మాస్టారూ, నా బదులు ఓతి."

"ఏం మాటలవి? నువ్వు బయటికొస్తే ఎలా?"

"నాది పోతుంది. దానిది పోదు. త్వరగా, మాస్టారూ!"

మాస్టారు చెయ్యెత్తాడు. నెరిదా గీత దగ్గరికి నడిచొచ్చి బంతి నా చేతుల్లో పెట్టింది. నా కళ్ళలోకి చూడలేదు. "కిందనించి" అని మాత్రం అంది. వెళ్ళి బెంచీ మీద, నేను లేచిన చోటే కూర్చుంది. నెరిదాకీ లీమాకీ మధ్య ఇంకేం మిగల్లేదు, నా పొట్టి చెయ్యి తప్ప. అది నాకు తెలుసు, అమ్మకీ తెలుసు. అమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉంది.

మొదటిది వలని రాసుకుంటూ పోయి చచ్చిపోయింది. పది. రెండోది అవతల పిల్ల చేతికి తగిలి పక్కకి పోయింది. పదకొండు. మూడోది కూడా దక్కింది. నాలుగోదానికి వాళ్ళు ఇద్దరు ఒకరినొకరు గుద్దుకున్నారు. పదమూడు సమానమయ్యాయి. వెనకనించి "మా చెల్లే! మా చెల్లే!" అని ఎవరో అరుస్తున్నారు. ఆ గొంతు ఎవరిదో నేను తిరిగి చూడక్కర్లేదు.

అయిదోది వలకి తగిలింది. పైపట్టీ మీద ఒక్క క్షణం ఆగి, మా వైపే జారి పడింది.

నెరిదా లేచి వచ్చి మళ్ళీ తన చోట నిలబడింది. సర్వీసు వాళ్ళకి పోయింది, రెండు పాయింట్లు చేసేశారు. అంతే, ఆట అయిపోయింది.

తిరుగు లారీలో గింజల గంప అలాగే ఉండిపోయింది. నెరిదా లారీ అంచు పట్టుకుని, తల మీద చొక్కాల సంచి వేసుకుని నిలబడే వచ్చింది. ఏడుస్తోందో లేదో తెలీకుండా. ఇంటికొచ్చాక గోడ వైపు ముడుచుకుని పడుకుంది.

అది లీమా వెళ్ళలేదు. దాన్ని వెతుక్కుంటూ ఏ సెలెక్టరూ మా ఓడరేవుకి రాలేదు. ఆ సెప్టెంబరులో మా దేశపు జట్టు ఆడిన ఒలింపిక్స్ ఫైనల్ రొట్టెల కొట్లో అందరం టీవీ ముందు కూర్చుని చూశాం. నెరిదా ఒక్కత్తే చివరిదాకా ఉండలేక లేచి వెళ్ళిపోయింది. తరవాత నర్సు చదువు చదివి వాచో ఆసుపత్రిలో చేరింది. ఇప్పుడు ఇద్దరు మనవలు. ఆదివారాలు మధ్యాహ్నం భోజనాల దగ్గర, నిమ్మరసంలో నానిన చేప ముక్కలు వడ్డిస్తూ, "ఇది ఒక్క వేలెడు పైకి ఇచ్చుంటే నేను లీమాలో ఉండేదాన్ని" అని నన్ను చూపించి అంటుంది. అందరూ నవ్వుతారు. అది కూడా నవ్వుతుంది. ఆ నవ్వులో కొంచెం నిజం ఉందని నాకు తెలుసు. అది పోదు, పోవాలని నేనూ అనుకోను. అమ్మ మాత్రం పోయేదాకా ఆ మాట విన్నప్పుడల్లా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

కానీ ఆ చలికాలం అనగానే నాకు గుర్తొచ్చేది ఆ ఓటమి కాదు, ఆ మర్నాటి ఆదివారం.

ఉతికే వంతు మాదే. అమ్మ సంచి తెచ్చి తొట్టి పక్కన బోర్లించింది. పీట వేసుకుని కూర్చోబోతుంటే నెరిదా లోపలినించి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "నువ్వు లే అమ్మా" అంది. అమ్మ లేచి, ఆ ఉతకనక్కర్లేని చొక్కాలు వేసే కుర్చీ మీద కూర్చుంది. అది ఖాళీగానే ఉంది మరి.

నెరిదా లంగా మోకాళ్ళ పైకి దోపుకుని తొట్టిలోకి నీళ్ళు పోసింది. చొక్కాలు ఒక్కొక్కటే తీసి ముంచుతోంది. నేను గుమ్మం పక్కన నక్కి నిలబడ్డాను. దగ్గరికి వెళ్ళే ధైర్యం లేదు. తన నాలుగో నంబరు తీసి చూడకుండానే నీళ్ళలోకి విసిరింది. పిలార్‌ది తీసింది. ఆ తరవాత నాది చేతికొచ్చింది.

దాన్ని విప్పి పట్టుకుంది. చంకల కింద పచ్చటి చారలు, మెడపట్టీ నల్లగా, మోచేతి దగ్గర బర్రాంకా సిమెంటు రాసుకున్న మరక, దాని మీద నా నెత్తురు చుక్క. దాన్ని మొహం దగ్గరికి తెచ్చుకుని వాసన చూసి తల వెనక్కి లాక్కుంది.

"ఛీ, ఏం కంపే తల్లీ! అమ్మా, ఆ సబ్బు ఇటియ్యి. దీనికి రెండుసార్లు రుద్దాలి."